తీగ లేని ఇస్త్రీ పెట్టె

మా వీధిలో చొక్కా తొడుక్కునే ప్రతివాడికీ ఆవిడ అత్తయ్యే. సొంత మేనల్లుళ్లు ఎక్కడో ఉన్నారట గానీ, వాళ్లు వచ్చి పిలిచిన దాఖలాలు లేవు. ఆ లోటు తీర్చడానికి వీధి వీధంతా పూనుకుని ఆవిణ్ణి ఇస్త్రీ అత్తయ్య అంటుంది.

ఇప్పుడు నా జెరాక్స్ మిషన్ ఉన్న కొట్టు ఒకప్పుడు ఆవిడ ఇస్త్రీ కొట్టు. ఉద్యోగం కోసం వెళ్లేవాడూ, కోర్టుకి వెళ్లేవాడూ, అలిగిపోయిన భార్యను బతిమాలడానికి వెళ్లేవాడూ ముందు ఆ బల్ల దగ్గర ఆగి వెళ్లేవాళ్లు. బట్టలతో పాటు సలహా కూడా ఇస్త్రీ చేసి ఇచ్చేది. "ఈ గళ్ల చొక్కాకి మీ ఆవిడ కరగదు గానీ, ఇంటికెళ్లి ఆ నీలంది పట్రా" అనేది. నీలం చొక్కా ఇస్త్రీ అయ్యేసరికి సగం కాపురాలు చక్కబడేవి. మిగతా సగానికి ఇస్త్రీ చాలదని ఆవిడే ఒప్పుకునేది.

వయసు మీద పడి, మోకాళ్లు మొరాయించాక కొట్టు నాకు అద్దెకిచ్చి, పైనున్న రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. ఇస్త్రీ మాత్రం మానలేదు. తన బట్టలు, నా బట్టలు, ఎవరైనా మొహమాటపడుతూ తెచ్చిన బట్టలు, ఎవరూ తేకపోతే కిటికీ పరదాలు.

ఆవిడకు ఒక్కడే కొడుకు. వీధిలో అందరం అతన్ని జాగ్రత్తబాబు అంటాం. ఊరికి ఆ చివర ఫ్యాక్టరీలో భద్రతాధికారి. ఇనుప టోపీ లేనిదే ఎవరూ లోపలికి అడుగు పెట్టకూడదని బోర్డు రాయించిన మనిషి. ఇంట్లో పాలు పొంగుతుంటే రెండడుగులు వెనక్కి వేసి నిలబడతాడని వాళ్లావిడే చెప్పింది. అమ్మంటే ప్రాణం. ఆ ప్రాణానికి ఏమవుతుందోనని అమ్మ ప్రాణం తీస్తుంటాడు.

ఓ మధ్యాహ్నం అత్తయ్య గదిలోంచి మాడిన వాసన వచ్చింది. నేను మెట్లెక్కి వెళ్లేసరికి ఆవిడ బల్ల మీద నీళ్లు చల్లుతోంది. చెక్క మీద ఇస్త్రీ పెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు పడింది. ఒక పాత దిండుగలేబు పోయింది. అంతే. కానీ జాగ్రత్తబాబు వచ్చి ఆ మచ్చను చూసిన చూపు, ఏదో ఊరు తగలబడినట్టు చూసిన చూపు. ఇస్త్రీ పెట్టెను తువ్వాల్లో చుట్టి, కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు.

"ఇంకోసారి ఇలాంటిది జరిగితే నువ్వు మా ఫ్లాట్‌కి వచ్చెయ్యాల్సిందే అమ్మా. గది సిద్ధంగా ఉంది."

గది సిద్ధంగా ఉన్న మాట నిజం. కిటికీ తెరుచుకోదు, గచ్చు జారదు, బల్ల మూలలకి రబ్బరు తొడుగులు. ఏడో అంతస్తు. అత్తయ్య ఒకసారి చూసొచ్చింది.

"బాగుందిరా," అంది నాతో. "గుడ్లు పెట్టుకునే అట్టపెట్టెలా ఉంది. ఒక్కటే తేడా, గుడ్డుకి ఎప్పుడో ఒకప్పుడు బయటికి పోయే యోగం ఉంటుంది."

వెళ్లనంటే వెళ్లనంది. కొడుకు ఒక మెట్టు దిగి, ఇంటికే వచ్చి పెద్దవాళ్లను చూసుకునే సంస్థ ఒకదాన్ని మాట్లాడాడు. ఆ సంస్థ నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఆవిడ ప్రతి మాటలోనూ 'కేంద్రం' ఉంటుంది కాబట్టి కేంద్రం మేడమ్ అని పేరు పెట్టుకున్నాం.

"మాది వ్యక్తి కేంద్రంగా చేసే సేవ అండీ. ఇక్కడ కేంద్రం ఎవరు? అమ్మగారు!"

అన్నట్టుగానే అత్తయ్య కుర్చీని గది మధ్యకి లాగి కేంద్రంలో పెట్టారు. చుట్టూ కొడుకు, కోడలు, మేడమ్ కూర్చున్నారు. ఇక మాటలన్నీ కేంద్రం నెత్తి మీదుగా ఎగరడం మొదలుపెట్టాయి. అమ్మగారు టీలో చక్కెర వేసుకుంటారా అని మేడమ్ అడిగితే వేసుకోదని కొడుకు చెప్పాడు. అమ్మగారికి నిద్ర పడుతుందా అంటే బానే పడుతుందని కోడలు చెప్పింది. కోడలు ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. అత్తయ్య బంతాట చూస్తున్నదానిలా తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

చివరికి మేడమ్‌కి కేంద్రం గుర్తొచ్చింది. వంగి, అత్తయ్య చెవిలో గట్టిగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ అరిచింది.

"అమ్మగారూ! మీకు! ఏం చెయ్యడం! ఇష్టం?"

"చెవులు బానే ఉన్నాయి తల్లీ," అంది అత్తయ్య. "ఇస్త్రీ."

కొడుకు గొంతులో వెలక్కాయ పడింది. కానీ మేడమ్ మొహం వెలిగిపోయింది. "చాలా బావుంది! మేం చూసుకుంటాం కదా!"

చూసుకున్నారు. పనికి కుదిరినావిడ ఒక పెద్ద సంచీ వేసుకుని వచ్చింది. పిల్లలు కాలేజీ దాటిన మనిషి. మోకాళ్లు అత్తయ్యవాటికన్నా అధ్వానం. మొదటిరోజు మెట్లెక్కి ఆయాసపడుతూ కూలబడితే, అత్తయ్యే మంచినీళ్లిచ్చి విసనకర్రతో విసిరింది. ఎవరు ఎవర్ని చూసుకోవడానికి వచ్చారో, అప్పుడు చూసినవాడెవడూ చెప్పలేడు. వీధికి ఆవిడ ఆ రోజే సంచీ వదిన అయిపోయింది.

సంచీ వదిన పని మాత్రం నిజమైన పని. అత్తయ్యకు వీపు రుద్దేది, కాళ్లకు మందు రాసేది, జడ ఎంత బిగించాలో ప్రతిరోజూ అడిగి మరీ వేసేది. వంగలేని మనిషికి చెప్పులు తొడగడం ఎవరైనా చేస్తారు. తొడిగేటప్పుడు ఆ మనిషికి సిగ్గనిపించకుండా ఊళ్లో కబుర్లు చెప్పడం ఆవిడకే చేతనవును. ఆ విద్యకు మేడమ్ దగ్గర ఏ పేరూ లేదు కాబట్టి ఎవరూ దాన్ని గమనించలేదు.

పేరున్నది ఇంకొకటి. రెండోరోజు సంచీలోంచి వదిన ఒక ఇస్త్రీ పెట్టె తీసింది. తీగ మొదలంటా కోసేసి ఉంది. తీగ ఉండాల్సిన చోట నవ్వుతున్న పువ్వు బొమ్మ అంటించారు. దాంతోపాటు నలిగిన చేతిరుమాళ్లు ఒక దొంతర.

అత్తయ్య పెట్టెను ఎత్తి, తిప్పి చూసింది. "దీనికి తోకేదమ్మా?"

"తీసేశారండీ. భద్రత అంట."

"మరి వేడి?"

వదిన గొంతు సవరించుకుంది. "వేడి మన మనసులో ఉంటుందని చెప్పమన్నారు మేడమ్."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వదిన నెల జీతం మీద బతికే మనిషి. అత్తయ్యకు ఆ సంగతి తెలుసు. అందుకని మారు మాట్లాడకుండా బల్ల ముందు కూర్చుని చల్లటి పెట్టెతో రుమాళ్లు రుద్దింది. రుమాళ్లు చక్కిలిగింతలు పెట్టినట్టు అటూ ఇటూ జరిగాయి తప్ప ఒక్క ముడతా పోలేదు. వదిన ఫోటో తీసి మేడమ్‌కి పంపింది. ఆ రోజుకి కేంద్రం మేడమ్ సంతోషించింది.

మర్నాడూ అవే రుమాళ్లు. ఒకదాని మీద బాతు ఆకారంలో టీ మరక ఉంది. ఆ బాతు రోజూ వచ్చేది. వెళ్లేముందు వదిన వాటిని మళ్లీ పిండి, పిసికి, నలిపి పెట్టి వెళ్లాలి. అది కూడా ఉద్యోగంలో భాగమే. అత్తయ్యకు జాలేసింది. పాపం, మోకాళ్ల నొప్పుల మనిషి, చేతులు కూడా ఎందుకు నొప్పి చేసుకోవాలి? అందుకని వదిన వెళ్లడానికి ముందే తనే కూర్చుని నలిపేది. వదినేమో ఎప్పుడు నలిపానో గుర్తుండడం లేదని తన జ్ఞాపకశక్తి గురించి నా దగ్గర దిగులు పడేది.

ఇలా ఎంతకాలం సాగేదో గానీ, మధ్యలో సెలూన్ అడ్డొచ్చింది.

సెలూన్ మా కొట్టుకి ఎదురుగానే ఉంది. సెలూనాయన మాటకారి. సాయంత్రం నడక మంచిదని మేడమే చెప్పింది కాబట్టి అత్తయ్య రోజూ వీధి దాటి, అక్కడి కుర్చీలో కూర్చుని వచ్చేది. ఒకరోజు గిరాకీ మెడ చుట్టూ కట్టిన తెల్లగుడ్డను చూసి ఉండబట్టలేకపోయింది.

"ఆ గుడ్డేంటయ్యా, ఆవు నమిలి ఉమ్మేసినట్టుంది? ఇస్త్రీ చేయించుకోకూడదూ?"

"ఎవరు చేస్తారత్తయ్యా, మీరు మానేశాక?"

"నేనెప్పుడు మానేశాను? మాన్పించారు."

సెలూనాయన కత్తెర ఆపాడు. పరదా వెనక బల్ల ఉంది. ఇస్త్రీ పెట్టె ఉంది, తోకతో సహా. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. స్విచ్చి తన అద్దం పక్కనే ఉంది కాబట్టి, వెయ్యడం, ఆర్పడం తనే చేస్తాడు. "సరేనా?" అంటే "సరే" అంది. అంతే. సంతకాలు లేవు, కేంద్రాలు లేవు.

ఆ సాయంత్రం నుంచి అత్తయ్య నడక పొడుగైంది. సెలూన్ గుడ్డలు చప్పుడు చేసేంత బిరుసుగా తయారయ్యాయి. ఆవిడ వేళ్లలో పట్టు వచ్చింది, అన్నం సహించింది, పాత సలహాలు మళ్లీ మొదలయ్యాయి. "ఈ క్రాపుతో ఆ పిల్ల నిన్ను చేసుకోదురా" అని పరదా వెనక నుంచి గొంతు వినిపిస్తే కుర్చీలో కుర్రాడు ఎగిరిపడేవాడు.

చేతులు ఊరుకోవు కదా. ఒకరోజు వదిన రుమాళ్లు కూడా పట్టుకెళ్లి ఇస్త్రీ చేసింది. తిరిగొచ్చాక నలపడం మర్చిపోయింది.

మర్నాడు వదిన చూస్తే రుమాళ్ల అంచులు చాకుతో కోసినట్టున్నాయి. బాతు కూడా చదునై కూర్చుంది.

"అత్తయ్యగారూ, ఇదెలా?"

"వేడి మనసులో ఉంటుందన్నావుగా?" అంది అత్తయ్య.

వదినకు అర్థం కాక కాదు. ముందురోజు సాయంత్రం సెలూన్ పరదా మీద ఆవిరి తను కూడా చూసింది. కానీ ఆవిడ పని ఫోటో తీసి పంపడం. తీసి పంపింది.

ఇక్కడే, చదువుకున్న వాళ్లకు మాత్రమే సాధ్యమయ్యే పొరపాటు జరిగింది. తీగ లేని పెట్టెతో రుమాలుకి మడత ఎలా పడిందని ఆ సంస్థలో ఒక్కరూ అడగలేదు. మేడమ్ ఏకాగ్రత అంది. ఆవిడ పై ఆయన ఆత్మవిశ్వాసం అన్నాడు. ఆ పైన ఇంకెవరో ఫోటోను పెద్దది చేయించి గోడకు తగిలించాడట. అత్తయ్య ఆరోగ్యం బాగుపడడం కూడా కళ్లకు కనపడుతోంది. దాని ఖ్యాతి మొత్తం పువ్వు బొమ్మకు దక్కింది.

జాగ్రత్తబాబు ఆనందానికి హద్దు లేదు. వేడి లేకుండా పనిచేసే ఇస్త్రీ పెట్టె! భద్రతాధికారి జన్మలో కనే కల అదే. ఫ్యాక్టరీలో క్యాంటీన్ వాడి దాకా అందరికీ చెప్పాడు.

అప్పుడొచ్చింది ఫోన్. సంస్థ పెద్దలు, వేరే ఊళ్ల శాఖల వాళ్లు ఆదివారం పొద్దున్న వస్తున్నారట. అమ్మగారు చల్లటి పెట్టెతో మడత వేయడం కళ్లారా చూస్తారట.

అత్తయ్య నా కొట్టుకి దిగొచ్చింది. మొహం చిన్నబోయింది.

"ఒరే జెరాక్సూ, ఏం చెయ్యమంటావురా?"

"ఒంట్లో బాలేదని పడుకోండత్తయ్యా."

"పడుకుంటే తిన్నగా ఆ గుడ్ల డబ్బాలోకే మోసుకుపోతాడు. చేసి చూపించలేకపోతే సెలూన్ సంగతి బయటపడుతుంది. అప్పుడూ అక్కడికే. మళ్లీ జన్మలో పెట్టె ముట్టుకోనివ్వడు."

వదినను కూడా కూర్చోబెట్టి ముగ్గురం ఆలోచించాం. ముగ్గురి తెలివీ కలిపితే తేలింది ఇది: ఆదివారం పొద్దున్నే సెలూన్లో రుమాళ్లు ఇస్త్రీ చేసి, బల్లగుడ్డ కింద దాచాలి. చూపించే సమయానికి వదిన దగ్గాలి. అందరూ వదిన వైపు తిరిగినప్పుడు అత్తయ్య రుమాళ్లు మార్చెయ్యాలి. వదిన రెండ్రోజులు దగ్గు సాధన చేసింది. రెండోరోజుకి నిజంగానే దగ్గు పట్టుకుంది.

ఆదివారం అత్తయ్య పరదా వెనక ఉంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని కాపలా ఉన్నాను. తలుపు తోసుకుని ఎవరు వచ్చారంటారు? ఫోటోలు తీస్తారని గడ్డం గీయించుకోవడానికి జాగ్రత్తబాబు.

"అబ్బే, ఇవాళ చాలా రద్దీగా ఉందండీ," అన్నాను. సెలూన్లో నేను తప్ప పురుగు లేదు.

అతను నన్ను ఎగాదిగా చూసి కుర్చీలో కూర్చున్నాడు. సెలూనాయన నురగ పట్టించాడు. పరదా వెనక నీళ్లు చిలకరించిన చప్పుడు, ఆ వెంటే సుయ్‌మని ఆవిరి.

"ఏదో వేడి వాసన వస్తోందే," అన్నాడు జాగ్రత్తబాబు, ముక్కు మాత్రం కదిలిస్తూ.

"మీ గడ్డానికేనండీ. వేడినీళ్లు," అన్నాడు సెలూనాయన.

ఒక చెంప అయ్యింది. నేను కళ్లతో ఎంత సైగ చేసినా సెలూనాయన పట్టించుకోలేదు. అలవాటు కొద్దీ కొత్త గుడ్డ కోసం చెయ్యి వెనక్కి చాపాడు. పరదాలోంచి ఇంకో చెయ్యి వచ్చి, మడత పెట్టిన వేడి గుడ్డను ఆ చేతిలో పెట్టింది. మణికట్టు మీద పాత కాలిన మచ్చ. ఆ చేతి ముద్ద తిని పెరిగిన కొడుకు అద్దంలో ఆ మచ్చను చూసి గుర్తుపట్టకుండా ఉంటాడా?

"అమ్మా!"

"కదలకు!" అని అత్తయ్య, "కదలకండి!" అని సెలూనాయన ఒకేసారి అరిచారు. కత్తి గొంతు మీద ఉంది.

అత్తయ్య పరదా పక్కకి తోసుకుని బయటికొచ్చింది. ఇక దాచేదేముంది? జాగ్రత్తబాబు కళ్లు అద్దంలో పెట్టెనీ, తీగనీ, ఆవిరినీ చూస్తున్నాయి. నోరు తెరవడానికి లేదు. మెడ తిప్పడానికి లేదు.

"పైపెదవి మీద ఉంచనా, తీసెయ్యనా అత్తయ్యా?" అన్నాడు సెలూనాయన.

"తీసెయ్. వాడికి మీసం నప్పదు."

"అది నా..." అన్నాడు కొడుకు.

"మీరుండండి సార్. చెవుల దగ్గర?"

"కాస్త పైకి. చిన్నప్పట్నుంచీ వాడి చెవులు పెద్దవి. అలా కప్పితే చెమట పడుతుంది."

"నన్నడగండి! కూర్చున్నది నేను!" అని అరిచాడు జాగ్రత్తబాబు, పెదవులు కదలకుండా అరవడం ఎంత కష్టమో అంత కష్టపడి.

అత్తయ్య అద్దంలోంచే కొడుకు కళ్లలోకి చూసింది.

"ఇప్పుడు తెలిసిందిరా నాయనా, కేంద్రంలో కూర్చుంటే ఎలా ఉంటుందో?"

సెలూనాయన కత్తి తీసి గుడ్డతో తుడవసాగాడు. అవసరానికి మించి తుడిచాడు.

"ఇల్లు కాలిపోయేదమ్మా ఆ రోజు," అన్నాడు కొడుకు, గొంతు తగ్గించి. "నీకేమన్నా అయితే?"

"కాలింది బల్ల. ఎందుకు కాలిందో ఒక్కసారన్నా అడిగావా?"

"మర్చిపోయుంటావు. వయసు..."

"వయసు కాదు, నువ్వు. ఇస్త్రీ చేస్తుంటే ఫోన్ చేశావు. గ్యాసు కట్టావా, తలుపు గడియ వేశావా, బాత్రూంలో జారకుండా పట్టా వేశావా అని నువ్వు జాగ్రత్తలు చెబుతుంటే వింటూ నిలబడ్డాను. నీ జాగ్రత్తలు అయ్యేసరికి దిండుగలేబు మాడింది."

సగం గడ్డం నురగలో, సగం నున్నగా ఉన్న మనిషి ఏడవాలో, నవ్వాలో తెలియక నోరు తెరిచి ఉండిపోయాడు. కుర్చీలోంచే అమ్మ వైపు తిరిగి అడిగాడు.

"నీకేం కావాలమ్మా?"

"వేడి పెట్టె. మనిషి దగ్గర్లో ఉన్నప్పుడే చేస్తాను, ఒప్పుకుంటున్నా. నా చేతులు మునుపటివి కావని నాకూ తెలుసు. కానీ చల్లటి పెట్టె పట్టుకుని కూర్చోవడానికి నేను బొమ్మను కాదురా. నీ గదిలోకి మాత్రం నన్ను తీసుకుపోకు."

అతను మళ్లీ తల వెనక్కి వాల్చాడు. మిగిలిన గడ్డం గీయించుకున్నాడు. మీసం కూడా తీయించుకున్నాడు. లేచి, పరదా వెనక్కి వెళ్లి, పెట్టె ప్లగ్గు పీకి, చల్లారేదాకా దాని పక్కనే నిలబడ్డాడు.

పైన గదిలో పెద్దలందరూ చేరారు. మేడమ్ పువ్వు బొమ్మ పెట్టెను బల్ల మధ్యలో పెట్టి, చేతులు చాపి కేంద్రాన్ని పరిచయం చేసింది. వదిన కంగారులో అప్పుడే దగ్గేసింది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. తిరిగి ఇటు చూసేసరికి జాగ్రత్తబాబు సెలూన్ పెట్టెను నిధిని మోసినట్టు రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. గోడ ప్లగ్గును రెండుసార్లు పరీక్షించి, జనాన్ని మూడడుగులు వెనక్కి జరిపి, స్విచ్చి వేశాడు.

"ఇదేంటండీ?" అంది మేడమ్.

"ఇస్త్రీ పెట్టె," అన్నాడు.

"మరి చల్లటిది?" అన్నాడు పై ఆయన.

"అది చల్లగానే ఉందయ్యా, దాని మానాన అది," అంది అత్తయ్య. "ఆ కోటు ఇలా ఇప్పు. ఆ నలిగిన చేతులతో నలుగుర్లోకి ఎలా వచ్చావు?"

ఆయన కోటు ఇప్పాడు. అత్తయ్య నీళ్లు చిలకరించింది. ఆవిరి లేచింది. కోటు చెయ్యి మీద పెట్టె తిన్నగా, వంకర పోకుండా నడిచింది. చెయ్యి కాస్త వణికినప్పుడు పక్కనే నిలబడ్డ కొడుకు వేలు స్విచ్చి మీదకి వెళ్లింది, మళ్లీ వెనక్కి వచ్చింది.

మేడమ్ ఒక్క క్షణమే తడబడింది. అందుకే ఆవిడ మేడమ్ అయ్యింది, మనం కాలేదు. చప్పట్లు కొట్టి, "ఇది మన పద్ధతిలో రెండో దశ అండీ!" అంది. మొదటి దశ చల్లటి పెట్టెట. దాని వల్లే అమ్మగారు వేడి దాకా వచ్చారట. పెద్దలందరూ తలలు ఊపారు. పై ఆయన కోటు తొడుక్కుని అద్దం ఎక్కడుందని అడిగాడు.

ఇప్పుడు అత్తయ్య రెండో దశలోనే ఉంది. పొద్దున్న వదిన ఉన్నప్పుడు పైన, సాయంత్రం సెలూనాయన ఉన్నప్పుడు అక్కడ. వదిన యూనిఫాం మిగతా సంచీ వదినలందరూ కుళ్లుకునేలా ఉంటుంది. పువ్వు బొమ్మ పెట్టె సెలూన్ తలుపుకి అడ్డంగా పెట్టాం. గాలికి తలుపు మూసుకోవడం లేదు. దానివల్ల జరిగిన మొదటి పని అదే.

ఏడో అంతస్తు గదిలో కోడలు ఉతికిన బట్టలు ఆరేస్తోందట. జారని గచ్చు కదా, నీళ్లు కారినా భయం లేదు.

సేవలో కొడుక్కి కూడా ఒక బాధ్యత అప్పగించింది అత్తయ్య. పెట్టె వేడిగా ఉన్నప్పుడు ఫోన్ చెయ్యకూడదు. అతను భద్రతాధికారి కాబట్టి ఆ నియమాన్ని తూచా తప్పకుండా పాటిస్తున్నాడు. రోజూ ముందు నాకు ఫోన్ చేస్తాడు.

"అమ్మ ఇస్త్రీలో ఉందా?"

"ఉందండీ."

"సరే, సరే. చెప్పకండి. అయ్యాక చేస్తాను." ఆ వెంటే గొంతు తగ్గించి అడుగుతాడు. "నా చొక్కాలు రెండున్నాయి. తీసుకొస్తే చేస్తుందంటారా?"